దయ్యానికి ఎండు కట్టెలు

దయ్యాల సినిమాలకు మేకప్ వేసేవారికి ప్రభుత్వం వారు వెంటనే సన్మానం చేయాలి! ఆ సినిమాలు పిల్లల్ని జడిపిస్తాయనీ, పెద్దల్ని చెడగొడతాయనీ పత్రికలకు ఉత్తరాలు రాసే పెద్దమనుషులు ఒకసారి ముత్తుకూరు దాకా వెళ్ళి రావాలి. అక్కడ ఒక దయ్యం ఒక సంసారాన్ని ఎలా నిలబెట్టిందో కళ్ళారా చూడాలి.

అసలు హీరోయిన్ మేకప్‌లో ఏముంది చెప్పండి? పౌడరు, లిప్‌స్టిక్, బొట్టు. మరి దయ్యానికో? మొహానికి మైదాపిండి, కళ్ళ కింద మసి, కళ్ళు ఎర్రబడడానికి ఉల్లిపాయ రసం, జుట్టు నిండా బూడిద! ఇంత సరంజామా పట్టే పనిని కళ అనక ఏమంటాం?

ముత్తుకూరు రైతు పద్మనాభయ్యదీ ఇదే మాట. ఊరి చివర టూరింగ్ డేరాకు దయ్యం సినిమా వచ్చిన దగ్గర్నుంచి ఆయన కాలు నేల మీద నిలవడం లేదు. రోజూ మొదటాటకు హాజరు. దయ్యం కిటికీలోంచి తొంగిచూడగానే అందరికంటే ముందు కేకపెట్టేవాడు, అందరికంటే ముందు చప్పట్లు కొట్టేవాడు. పగలు చేను గట్టున కూచుని, ఆ కళ్ళు అంత ఎర్రగా ఎలా చేశారో, ఆ చెంపల మీద మసి చారలు ఎంత ఒడుపుగా దిద్దారో కూలీలకు వివరించేవాడు. ఒక ఆడమనిషి మొహాన్ని ఇంత శ్రద్ధగా పరిశీలించిన మగవాడు జిల్లాలో మరొకడు లేడు.

అయితే ఆ పరిశీలన అంతా తెర మీదే. ఇంట్లో భార్య పెంచలమ్మ పదేళ్ళుగా కిటికీ లేని వంటింట్లో పొయ్యి ఊదుతోంది. వానకు తడిసిన సరుగుడు కట్టె ఒక పట్టాన అంటుకోదు. పొగకు మాత్రం లోటు లేదు. చూపు మసకేస్తోంది, పొగగొట్టం పెట్టించమని ఆమె అడిగినప్పుడల్లా, కోతలు కానీయమని ఈయన అనేవాడు. కోతలు ఏటా అవుతూనే ఉన్నాయి.

ఇంత గొప్ప కళను భార్య చూడకపోతే ఎలా? ఒక సాయంత్రం ఆమెను పట్టుబట్టి తీసుకెళ్ళి ఆడవాళ్ళ వైపు కూచోబెట్టాడు. దయ్యం తొంగిచూసింది. డేరా దద్దరిల్లింది. పిల్లలు తల్లుల కొంగుల్లో దూరారు. పెంచలమ్మ ఒక్కతే కదలకుండా తెర వంక జాలిగా చూసి, అందరికీ వినబడేలా అంది.

"ఆ తల్లికి ఎవురన్నా నాలుగు ఎండు కట్టెలు ఇయ్యండయ్యా."

ఆడవాళ్ళ వైపు ఒక్కసారిగా నవ్వులు లేచాయి. ఆ పైన, చిత్రం చూడండి, వాళ్ళలో ఒక్కరికీ దయ్యమంటే భయం లేదు! పక్కనే కూచున్న బీజాన్ అయితే, పాపం ఆ దయ్యం ఇంట్లో కూడా పొగ పోయే దారి లేదేమో అని వాపోయింది.

ఇంటికి వస్తూ పద్మనాభయ్య చిన్నబుచ్చుకున్నాడు. మద్రాసు మేకప్ మనిషి అంత కష్టపడితే నీకు భయమే వేయలేదా అని అడిగాడు.

"ఎందుకు వెయ్యలేదూ? ఆ హీరోయిన్ పిల్ల యాభై మందికి వంట చేసి, మొహాన పౌడరు చెదరకుండా పొయ్యి కాడ నుంచి లేచి వచ్చిందే, అప్పుడు వేసింది. మనిషైతే అట్టా రాదు."

పద్మనాభయ్య తెలివైనవాడు. విషయం ఇట్టే అర్థమైపోయింది. మర్నాడు పొద్దున్నే చోటే సాహెబ్ కొట్టుకు పోయి ఏం తెచ్చాడనుకుంటున్నారు? పౌడరు డబ్బా!

పెంచలమ్మ కాదనలేదు. మొహం కడుక్కుని, తీరిగ్గా పూసుకుని, అరుగు మీద కూచుంది. మధ్యాహ్నం ఈయన నకనకలాడుతూ పొలం నుంచి వచ్చేసరికి పొయ్యి చల్లగా ఉంది.

"పొయ్యి ముట్టిస్తే మీరు తెచ్చిన పౌడరు చెదిరిపోద్ది. పొగగొట్టం పెట్టించండి, వండతాను" అంది.

సాయంత్రానికల్లా మేస్త్రీ పోలేరయ్య వంటింటి గోడకు కన్నం పెడుతున్నాడు.

కాబట్టి నిర్మాతలకు మా మనవి ఒక్కటే: దయ్యం మేకప్‌లో ఏ లోటూ రానీయకండి! ఆడదాని కళ్ళు ఎర్రబడ్డాయని మా మగవాళ్ళకు కనబడాలంటే ముందు టికెట్టు కొనాలి మరి.