దస్తావేజులకు బీరాభిషేకం

కోరిపాత పట్టణ ప్రజలకు పాత దస్తావేజుల మీద బొత్తిగా ప్రేమ లేదని పురపాలక సంఘం ఏకగ్రీవంగా కనిపెట్టింది. వెంటనే దస్తావేజుల చైతన్య వారోత్సవం ప్రకటించింది. మా కొండల్లో ఏ ఉత్సవానికైనా బ్యాండు, రాణి, బీరు ఉండి తీరాలి. బ్యాండు పక్క ఊరి నుంచి వచ్చింది. దస్తావేజుల రాణిగా మేయరు మేనకోడలు పోటీ లేకుండా నెగ్గింది. చిన్నప్పటి నుంచీ తనకు కాగితాలంటే ప్రాణమని ఆ పిల్ల కన్నీళ్లు పెట్టుకుంటే మేమూ పెట్టుకున్నాం. బీరు సంగతి ముందుంది.

వారం చివర సంత మైదానంలో జ్ఞాపకాల దేవత విగ్రహానికి శంకుస్థాపన. దేవత నిలబడాలంటే అక్కడ కూర్చున్నవాళ్లు లేవాలి కదా. బుట్టలు పెట్టుకుని అమ్ముకునే ఆడవాళ్లందరికీ ఆక్రమణదారులని గౌరవంగా నోటీసులిచ్చారు.

వాళ్లలో సతుర్నీనా ఒకతె, మర్యాదకి దోన్యా సతుర్నీనా అంటాం. ఊదా మొక్కజొన్న గంజి కాచి వేడివేడిగా అమ్ముతుంది. ఆ మైదానాన్ని వెనకటి సంఘం అమ్ముకునేవాళ్లకే రాసిచ్చిందని వాళ్ల నాయనమ్మ చెప్పేదట. ఆ కాగితం చూపించమని దస్తావేజుల కార్యాలయానికి వెళ్లింది. తలుపుకు తాళం. అధికారి రెమీహియో వరండాలో కూర్చుని రాణిగారి ఊరేగింపు బండికి పూలు అంటిస్తున్నాడు.

"వారోత్సవం కదమ్మా, ఈ వారం దస్తావేజులు చూపించం" అన్నాడు.

"మరి వచ్చే వారం?"

"వచ్చే వారం అలిసిపోయి ఉంటాం."

"అప్పటికి నా పొయ్యి మీద మీ దేవత కూర్చునుంటుంది గదయ్యా. ఆవిడకి గంజి కాయడమొచ్చా?"

ఈ ప్రశ్న తన శాఖ పరిధిలోకి రాదు కాబట్టి రెమీహియో మరో పువ్వు అంటించాడు.

శనివారం వచ్చింది. మా దగ్గర లారీ కొన్నా, ఇల్లు కట్టినా నేలతల్లిని తలుచుకుని దాని మీద బీరు చల్లనిదే శుభం జరగదు. ఖర్చు భరించడానికి ఒక జ్ఞానతండ్రి ఉండాలి. లారీకి జరిగే మర్యాద దస్తావేజులకు జరగకపోతే ఎంత అవమానం! తాళం తీసి, ఒక్కో అల్మారాకు ఒక్కో జ్ఞానతండ్రిని కుదిర్చారు. మొదటాయన సీసా మూత తీసి చల్లాడు. రెండో ఆయన పరువు గలవాడు, పెట్టెడు సీసాలు ఒలకబోశాడు. మూడో ఆయన బీరు ఏజెంటు, గొట్టమే పెట్టాడు. ఎలుకలు తరతరాలుగా సాధించలేనిది అరగంటలో పూర్తయింది.

తడిసిన కాగితాలు ఆరేయడానికి ఎండా, తాళ్లూ, క్లిప్పులూ ఒకేచోట ఉన్నది సంత మైదానంలోనే. ఆక్రమణదారులను మేయరు దోన్ ఫ్లోరెన్సియో స్వయంగా "అక్కయ్యలూ" అని పిలిచి తాళ్లు అడిగాడు. వాళ్లు ఇచ్చారు. ఊరి చరిత్ర మొత్తం అమ్మకానికి వేలాడే లంగాల పక్కన ఆరింది.

అప్పుడు మేము చదివాం. ఎవరి తాత ఎవరి గాడిదను కొట్టేశాడో, ఏ వీరుడు యుద్ధం రోజున కడుపునొప్పి సెలవు పెట్టాడో పైకే చదువుకుని పడీపడీ నవ్వాం. ఇంతలో బంగాళాదుంపల ఆవిడ కేకేసింది: "సతుర్నీనా, గరిటె అక్కడ పడేసి రావే. మీ నాయనమ్మ వేలిముద్ర ఇక్కడ వేలాడుతోంది."

మైదానం అమ్ముకునేవాళ్లదే. సంఘం ముద్ర, సంతకాలు, అన్నీ ఉన్నాయి. ఊరంతా చదివేసింది కాబట్టి చింపే వీల్లేదు. మేయరు కూడా చదివి, దగ్గి, బల్లెక్కాడు.

"ప్రజలారా! ఈ మైదానం అక్కయ్యలదేనని నా అంతరాత్మ మొదటి నుంచీ ఘోషిస్తూనే ఉంది. దస్తావేజులు చదివితే ఎంత మేలో చూశారా? ఇది నా చైతన్య కార్యక్రమ ఫలం!"

బ్యాండు మోగింది. రాణి మళ్లీ ఏడ్చింది.

సాయంత్రానికి ఎవరి కాగితాలు వాళ్లు తాళ్ల మీంచి తీసుకుపోయారు. పరువు తీసేవి పొయ్యిల్లోకి, పరువు పెంచేవి ఫ్రేములు కట్టే దుకాణానికి వెళ్లాయి. తాడు మీద ఒక్కటే మిగిలింది.

"నీదేగా, పట్టుకుపో అమ్మా" అన్నాడు రెమీహియో.

"నా ఇంట్లో ఉంటే అది నా మాటే అవుతుందయ్యా. నీ దగ్గరుంటేనే కాగితం. లోపల పెట్టు."

పెట్టాడు. దస్తావేజులను ప్రజలు నూటికి నూరు శాతం వినియోగించుకున్నారని సంఘం నివేదిక పంపింది. రాజధాని నుంచి పతకం కూడా వచ్చింది.

ఇప్పుడు మా ఊరి చరిత్ర ఎవరైనా అడిగితే గోడల మీద ఫ్రేములు చూపిస్తాం. అందరూ మహానుభావులే. మా ఊళ్లో గాడిద దొంగ మనవడు ఒక్కడూ లేడు. మీ ఊళ్లోనూ లేరనే విన్నాను.