సారలమ్మ పరీక్ష పాసైంది

గౌను ఉతికి ఆరేయాలి. నూనె పెట్టి జడలు గట్టిగా వేయాలి. పక్కింటి నుస్రత్ బేగం దగ్గర చెంచా అడిగి తేవాలి. దాంతో తినడం పిల్లకు నేర్పాలి. నేర్వకపోతే, నేర్చినట్టు కనిపించేలా చూడాలి.

పెద్ద డాక్టరు వస్తున్నారని మా బొగ్గుబాయి క్వార్టర్ల లైనులో జరిగిన హడావుడి ఇది. పాఠకులారా, మందుకు లొంగని రోగం ప్రశ్నకు లొంగుతుంది! నమ్మరా? వినండి.

గట్టయ్య, లస్మవ్వల బిడ్డ సారలమ్మకు ఎనిమిదేళ్లు. పుట్టుకతోనే వచ్చిన జబ్బు. లక్షమందిలో ఒకరికి కూడా రాదట. గుండీ పెట్టుకోలేదు, ముద్ద నోటిదాకా తీసుకుపోలేదు. అటువంటి పిల్లలకు హైదరాబాదులో ఒక బడి ఉంది. సీటు కావాలంటే, రోజువారీ పనుల్లో పిల్లకు సాయం అవసరమని డాక్టరు పరీక్షించి రాయాలి.

పరీక్ష! ఆ మాటతో లైనంతా కదిలింది. ఫెయిలైతే సీటిస్తారంటే ఎవరైనా నమ్ముతారా?

"ఫికర్ నక్కో లస్మక్కా! మన పోరి పాసైతది" అంటూ నుస్రత్ బేగం చెంచా తోమి మరీ ఇచ్చింది.

లైనులో బి.ఏ. చదివింది నేనొక్కణ్నే కనుక ఆసుపత్రికి నన్ను తోడు తీసుకుపోయారు. డాక్టరు పిల్లవైపు చూసి కాలం వృథా చేయలేదు. అన్నీ తల్లినే అడిగారు.

"తనంతట తను తింటుందా?"

"తింటది సారూ. చెంచాతోని తింటది."

"గుండీలు?"

"పెట్టుకుంటది."

"బండి వస్తే తప్పుకుంటుందా?"

"జల్ది తప్పుకుంటది!"

ఏం వైద్యం! డాక్టరుగారి టీ చల్లారకముందే రోగం నయమైంది. 'సాయం అవసరం లేదు' అని రాసి, తల్లిని మెచ్చుకున్నారు కూడా. ఈ పద్ధతిని బొగ్గుబాయిలోకీ దింపాలని నా మనవి. "బాయి పైకప్పు నిలబడుతుందా?" "నిలబడుతది సారూ." ఇక పైకప్పు కింద ఆనించే దుంగల ఖర్చెందుకు?

బయటికి రాగానే సారలమ్మ రోడ్డు నడుమ కూర్చుంది. బొగ్గు లారీ వస్తోంది. తప్పుకుంటుందని కాగితంలో స్పష్టంగా ఉంది, కానీ పాపం పిల్లకు చదువు రాదు! లస్మవ్వ ఉరికి ఎత్తుకొచ్చింది.

"గట్లెందుకు చెప్పినవ్ అక్కా?" అన్నాను.

"పరాయోళ్ల ముందట, నా బిడ్డకు ఏం రాదని నా నోటితోని ఎట్ల అనాలె తమ్మీ?"

లైనుకు చేరేసరికి నుస్రత్ బేగం చక్కెర పట్టుకుని నిలబడింది. పాసైందని విని అందరి నోళ్లలో పోసింది. సీటు పోయిందని చెప్పడానికి నా బి.ఏ. చదువు చాలలేదు.

రేపు పొద్దున మొదటి షిఫ్టు సైరన్‌కు మీరు చొక్కా గుండీలు పెట్టుకుంటారు. అదే వేళకు లస్మవ్వ, మొగుడికి సద్ది కట్టి, పాసైన బిడ్డకు గుండీలు పెడుతూ ఉంటుంది. ఒక్క గుండీ పెట్టుకునేంతసేపు ఆమెను తలుచుకోండి.