నేలబారు కారు

స్పీడ్ బ్రేకర్లను తిట్టేవాళ్లను చూస్తే నాకు జాలి! వాటి విలువ తెలియాలంటే నా కారు ఎక్కాలి. ఎక్కడం అనకూడదు లెండి. మా కారులోకి ఎవరైనా దిగాల్సిందే. దిగి కూర్చున్నాక రోడ్డు పక్క మేకల కళ్లలోకి సూటిగా చూసే భాగ్యం కలుగుతుంది.

మాది తెనాలి. నా లెక్చరర్ ఉద్యోగం బాపట్లలో. అత్తవారిది రేపల్లె. కాబట్టి ఈ మూడు ఊళ్ల మధ్య రోడ్లకు అడ్డంగా పడుకున్న స్పీడ్ బ్రేకర్లన్నీ నాకు దగ్గరి చుట్టాలే. రెండేళ్ల క్రితం మా ఆవిడ వీణ వద్దన్నా వినకుండా ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. హైదరాబాద్ నున్నటి రోడ్ల మీద పెరిగిన కారు. పొడుగ్గా, నిగనిగలాడుతూ ఉంటుంది. ఎత్తు ఒక్కటే తక్కువ. అందం చూసినవాడు ఎత్తు చూస్తాడా?

మొదటివారం చుండూరు దాటకముందే విషయం బోధపడింది. స్పీడ్ బ్రేకర్ రాగానే కారులో వాళ్లంతా దిగాలి. నేను ఖాళీ కారును ఏటవాలుగా, ఒక్కో చక్రాన్నీ బతిమాలుకుంటూ దాటిస్తాను. వాళ్లు నడిచొచ్చి మళ్లీ ఎక్కుతారు. ఇందులో కష్టమేముంది? వీణ ఏ జిమ్‌కీ వెళ్లకుండానే నాలుగు కిలోలు తగ్గింది! ఒకసారి చుండూరులో దిగి నడుస్తుంటే ఒకావిడ పలకరించి గోంగూర కట్ట చేతిలో పెట్టింది. హైవే మీద వంద స్పీడులో వెళ్లేవాడికి ఎవరిస్తారండీ గోంగూర? పైగా మా ఇద్దరికీ కారులో గొడవ మొదలైతే అది కిలోమీటరుకు మించి సాగదు. సరిగ్గా వీణ మాటకు పదును పెట్టే సమయానికి దిగాల్సిన చోటు వచ్చేస్తుంది!

ఇంత మేలు చేసిన స్పీడ్ బ్రేకర్ పట్ల నేను ఒక్కసారే అపచారం చేశాను.

మా అత్తగారు వెంకటరత్నమ్మగారికి కళ్లలో శుక్లాలు. కుడికంటిది మరీ ముదిరిపోయి, ఎదురుగా ఉన్నది కూతురో అల్లుడో గొంతు విని పోల్చుకునే స్థితి. షుగరు తగ్గక ఆపరేషన్ రెండుసార్లు వాయిదా పడింది. పాపం, ఆరు నెలలు జొన్నరొట్టెలతో సరిపెట్టుకుని షుగరును దారికి తెచ్చుకున్నారు. తెనాలిలో కంటి డాక్టరుగారు పొద్దున పదింటికల్లా ఉండమన్నారు. ఆ రోజు తప్పితే మళ్లీ రెండు నెలల దాకా ఖాళీ లేదన్నారు.

ఏడున్నరకు రేపల్లెలో బయలుదేరాం. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. మొదటి రెండు స్పీడ్ బ్రేకర్ల దగ్గర వీణ చెయ్యి పట్టుకుని దిగారు, నడిచారు, ఎక్కారు. ఒక్కోదానికి పావుగంట. ఈ లెక్కన మేం చేరేసరికి డాక్టరుగారు భోజనం చేసి పడుకుంటారు.

మూడోది వచ్చింది. ఆ ఊరి పేరు రాయను. మళ్లీ ఆ దారినే వెళ్లాల్సినవాణ్ని. బోర్డు లేదు, తెల్ల గీత లేదు. వేపచెట్టు నీడలో రోడ్డు రంగులోనే కలిసిపోయి ఉంది.

"దిగమంటారా అల్లుడుగారూ?" అన్నారు అత్తగారు, అప్పటికే కుచ్చెళ్లు సర్దుకుంటూ.

"వద్దండి, కూర్చోండి. మెల్లిగా పోనిస్తాను."

"మెల్లిగా పోయినా బరువు బరువే కదండీ" అన్నారావిడ. వినలేదు నేను.

కారు కింద కొబ్బరికాయ పగిలిన చప్పుడైంది. నాలుగడుగులు పోయేసరికి ఎర్ర లైటు వెలిగింది. దిగి చూస్తే వెనక రోడ్డంతా నల్లటి చార.

"ఇంజను ఆపెయ్ బాబూ! ఆయిలు పోతంది!" అని ఎదురింటి అరుగు మీంచి ఒకావిడ కేకేసింది. పేరు మాణిక్యమ్మ అని తర్వాత తెలిసింది. వారానికి ఒకరిద్దరికి ఆ కేక పెట్టడం ఆమెకు అలవాటట.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఎవరండీ ఇక్కడ ఇది పోసింది? బుద్ధుందా వాళ్లకి?"

"నేనే బాబూ" అందావిడ నెమ్మదిగా.

ఆవిడ అరుగు వైపు చూపించింది. ఒకాయన కుడికాలు చాపుకుని కూర్చున్నాడు, పక్కన చేతికర్ర. "మా ఆయన యలమంద. పోయిన వేసంగిలో పాలు పోసి సైకిలు మీద వస్తంటే ఒక వ్యాను కొట్టేసి పోయింది. ఆగను కూడా ఆగలా. అంతకుముందు ఒక బడిపిల్లని కొట్టారు. మూడు అర్జీలు పెట్టాం. వచ్చి చూత్తామన్నారు. ఎవరూ రాలా. మా ఇంటికి స్లాబు పోసినప్పుడు మిగిలిన కాంక్రీటు నేనే పోయించా. అప్పట్నించి ఇక్కడ ఒక్క మనిషి పడలేదు."

"మరి ఇంత ఎత్తా?"

"ఎంతెత్తు ఉండాలో మాకు చెప్పిందెవరు బాబూ? భయం ఎంతుంటే అంత పోశాం."

కారులోంచి అత్తగారి గొంతు వినిపించింది. "పోన్లేవే వీణా. ఇంకో రెండు నెలలేగా. అలవాటైన చీకటేగా." ఆ మాట కంటే ఆవిడ నన్ను తిట్టినా బాగుండేదనిపించింది.

మాణిక్యమ్మ మా సంగతి కనుక్కుంది. మరుక్షణం రోడ్డు మధ్యకు వెళ్లి, నిండుగా వస్తున్న షేరాటోకు రెండు చేతులూ అడ్డం పెట్టింది. "ఒరే అబ్బాయిలూ, దిగండి మీరిద్దరూ! పిన్నిగారికి కంటి ఆపరేషను. మీరు తరవాత ఆటోలో రండి" అంది. వాళ్లు ఎందుకని కూడా అడక్కుండా దిగిపోయారు. అత్తగారిని, వీణను ఎక్కించింది. ఆ ఆటో నా వెనక ఉన్న స్పీడ్ బ్రేకర్‌ను మేకపిల్లలా ఎగిరి దాటి వచ్చింది. నా కారు పక్కనుంచి వెళ్లిపోయింది. పదికి పది నిమిషాలుండగా ఆస్పత్రిలో ఉన్నామని వీణ ఫోన్ చేసేదాకా నేను యలమంద పక్కన అరుగు మీద కూర్చుని, ఆయన ఇచ్చిన మజ్జిగ గ్లాసు పట్టుకుని, తాగడం మర్చిపోయి ఉన్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పిన రోజున అత్తగారు నన్ను తేరిపార చూశారు. "జుట్టు ఇంత పోయిందేంటి అల్లుడుగారూ, మాకెవరూ చెప్పలేదే!" అన్నారు. చూపు పూర్తిగా వచ్చినట్టే.

ఇక కారు. ట్రాక్టరుకు కట్టి తెనాలిలో మెకానిక్ ప్రభుదాస్ షెడ్డుకు చేర్చాను. ఆయన కారును పైకి లేపి, కిందకు దూరి, "చ్‌చ్‌చ్" అన్నాడు. డాక్టర్లు అలా అంటేనే భయం.

"ఏంటండీ పరిస్థితి?"

"ఆయిల్ చాంబర్ పగిలింది సార్. సైలెన్సర్ మూడు చోట్ల నొక్కుకుపోయింది. అడుగున రేకు సగం లేదు, ఎక్కడ రాల్చుకున్నారో. ఈ గీతలు చూస్తే మీరు తిరిగిన ఊళ్లన్నీ చెప్పొచ్చు."

చాంబర్ కొత్తది వేశాడు. సైలెన్సర్ సొట్టలు తీశాడు. అడుగున ఇనప ప్లేటు బిగించాడు. స్ప్రింగుల దగ్గర దిమ్మలు పెట్టి కారును ముప్ఫై మిల్లీమీటర్లు పైకి లేపాడు. "ఇంకొంచెం లేపండి" అన్నాను ఆశగా.

"ఇంతకుమించి వద్దు సార్. ఎత్తు పెరిగితే మలుపుల్లో ఊగుద్ది. ఎత్తు పెంచాం కదా అని స్పీడు పెంచమాకండి" అన్నాడు.

పెంచనని మాటిచ్చాను. షెడ్డు దాటేదాకా నిలబెట్టుకున్నాను కూడా!

ఏం చెప్పమంటారు? రెండేళ్లు పాకిన మనిషికి కాళ్లొస్తే ఊరుకుంటాడా? బాపట్ల దారిలో ఎవరినీ దించకుండా, ఎవరినీ బతిమాలకుండా దూసుకెళ్లాను. ఆ వేగం అలాగే ఇంటిదాకా వచ్చేది. మా వీధి మలుపు తిరిగితే పిల్లలు గోడలకు అతుక్కునేవారట. నేను చూడలేదు. చూసేంత తీరిక ఉండేది కాదు. చుండూరు గోంగూర ఆవిడ కూడా నాకు మళ్లీ కనబడలేదు.

నెల తిరక్కుండా ఒక ఆదివారం పొద్దున మా వీధిలో కంకర, సిమెంటు దిగాయి. పక్కింటి దశరథరామయ్యగారు పంచె ఎగ్గట్టి నిలబడ్డారు. రిటైరైన బస్సు డ్రైవరు, పెద్దమనిషి.

"ఏంటండీ ఇదంతా?"

"స్పీడ్ బ్రేకరండి."

"ఎవరి కోసమండీ?"

ఆయన మర్యాదస్థుడు. నా కారు వైపు చూశారు.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ఇలా ఎవరికి తోచినట్టు వాళ్లు పోసుకుంటే ఎలాగండీ? పద్ధతి ఉండాలి కదా! ముందు ఆఫీసులో అర్జీ పెడదాం. వాళ్లొచ్చి కొలిచి..."

"బైకులవాళ్ల కోసం అర్జీ పోయినేడే పెట్టామండి" అన్నారాయన. "వాళ్లు వచ్చేలోపు మీరు వచ్చేస్తున్నారు."

చొక్కా విప్పేసి ఒక గమేళా కంకర నేనే మోశాను. ఎత్తు ఎంత ఉండాలన్న దగ్గర వాదన మొదలైంది. తలో మాటా అన్నారు. చివరికి టేపు తెచ్చి, వీధి నడిమధ్య నా కారు కింద వెల్లకిలా పడుకుని, అందరూ చూస్తుండగా నేనే కొలిచి చెప్పాను. మెల్లిగా వచ్చేవాడికి తగలకుండా, దూసుకొచ్చేవాడికి తగిలేలా. వీణ సున్నం కలిపి తెల్ల గీతలు గీసింది. దశరథరామయ్యగారు అట్టముక్క మీద "ముందు స్పీడ్ బ్రేకర్ కలదు" అని గుండ్రంగా రాసి స్తంభానికి కట్టారు.

తెనాలి, బాపట్ల, రేపల్లెల మధ్య నాకు తెలిసి బోర్డు, గీతలు, కొలత మూడూ ఉన్న స్పీడ్ బ్రేకర్ అదొక్కటే! ఒక లెక్చరరు, ఒక ఇల్లాలు, ఒక రిటైర్డ్ డ్రైవరు కలిసి ఒక్క పూటలో చేశారు. కాబట్టి ఆ పని కోసమే జీతాలు తీసుకుంటున్నవారు మా వీధికి రానక్కర్లేదు. రావాలనుకుంటే మాత్రం తొందరేం లేదు, ఇన్నాళ్లూ వచ్చినంత మెల్లిగానే రమ్మనండి. వాళ్ల బండికి ఏమీ తగలదు.