నీలం వసారాలో మామగారి కుర్చీ

ఈ రోజు ఏమైనా సరే, వసారా కప్పుకు నీలం రంగు పడాల్సిందేనని పెద్దకోడలు పొద్దున్నే, పాలు పొంగకముందే తీర్మానించుకుంది. పెయింటరుకు కబురు కూడా వెళ్ళింది. కారణం పక్కింట్లో, అంటే తోటికోడలి ఇంట్లో ఉంది. చిన్నకోడలు తన వసారా కప్పుకు లేత నీలం వేయించింది. పురుగులు దాన్ని ఆకాశమనుకుని అక్కడ వాలవట, గూళ్ళు పెట్టవట. అవి పోతే పోయాయి, ఆ మర్నాడే మామగారు కూడా తన పేము కుర్చీ ఎత్తుకుని అక్కడికి పోయారు. ఇన్నేళ్ళూ తన చేతి కాఫీ తాగిన మనిషి ఇప్పుడు చిన్నదాని కాఫీ తాగి "ఆహా" అంటుంటే, గోడకివతల పెద్దకోడలికి కడుపు రగిలిపోయేది.

చిక్కల్లా అది ఏ నీలమో తెలియకపోవడం. అడిగితే నామోషీ. చిన్నకోడలు బజారుకు బయల్దేరడం చూసి, పెద్దకోడలు ఆ వసారాలోకి దూరి, ఖాళీగా ఉన్న మామగారి కుర్చీయే ఎక్కి, చెంచాతో రంగు పెచ్చు గీకింది. పెచ్చు చేతికొచ్చింది, కాళ్ళు పేములోంచి కిందికొచ్చాయి. మోకాళ్ళ దాకా ఇరుక్కుని ఉండగా, సంచీ మరిచిపోయిన చిన్నకోడలు వెనక్కి వచ్చింది.

"ఏం చేస్తున్నావక్కా?"

"సాలెగూడు కనిపిస్తే దులుపుతున్నానే."

"ఈ రంగుకు సాలీళ్ళు రావుగా."

"ఎందుకు రావు? ఇంత లావుది. నా కళ్ళతో చూశాను."

బాగుచేయిస్తానని చెప్పి, పెచ్చు పిడికిట్లో, కుర్చీ చంకలో పెట్టుకుని పెద్దకోడలు ఇల్లు చేరింది. అబద్ధం మాత్రం అక్కడే ఉండిపోయి పని మొదలుపెట్టింది. లేని సాలీడును వెతకడానికి చిన్నకోడలు మొగుణ్ణి తరిమి, కళ్ళు చెదిరే బల్బు ఒకటి తెప్పించి వసారాలో పెట్టించింది. చీకటి పడేసరికి ఊళ్ళో పురుగులన్నీ అక్కడే.

ఇటు పెద్దకోడలి వసారాలో కొత్త నీలం ఆరుతోంది. రంగు చుక్కలు పడతాయని పెయింటరు బల్బు తీసి కిటికీలో పెట్టి వెళ్ళాడు. ఆ చీకట్లో ఒక్క పురుగూ లేదు. మామగారు చొక్కాలో దూరినవాటిని దులుపుకుంటూ వచ్చి, పెద్దకొడుకు తాడు అల్లి బాగుచేసిన కుర్చీలో కూలబడ్డారు.

"ఇక్కడ ప్రాణానికి హాయిగా ఉందమ్మా."

ఆ మాటకు పెద్దకోడలికి కాళ్ళు నేలమీద నిలవలేదు. కాఫీలో చక్కెర రెండుసార్లు వేసింది. ఆయన "ఆహా" అన్నారు. గోడ పక్కన వింటున్న చిన్నకోడలికి ఇప్పుడు ఒళ్ళు మండింది. తన బల్బు టక్కున ఆర్పేసింది.

"నీ రంగు కనపడితేగా అక్కా? నాదే కాస్త తేటగా ఉంటుందేమో."

"కనపడకేం? చూద్దువుగాని ఉండు."

"ఇప్పుడెందుకే, నాన్న హాయిగా కూర్చున్నారుగా," అన్నాడు భర్త.

వింటేగా. బల్బు బిగించి స్విచ్ నొక్కింది. కప్పు నిండా నీలం, అచ్చం పక్కింటి నీలమే, తళతళలాడింది. తోటికోడలి మొహం మాడడం కూడా కళ్ళారా చూసింది. అంతలో పక్కింటి పురుగులన్నీ, పిలవకపోయినా వచ్చే చుట్టాల్లా, గోడ దాటి వచ్చేశాయి.

మామగారు కాఫీ గ్లాసు మీద అరచెయ్యి మూసి లేచారు. "రంగు మాత్రం బ్రహ్మాండంగా ఉందమ్మా," అని, కుర్చీ ఎత్తుకుని చిన్నకోడలి చీకటి వసారాకు వెళ్ళిపోయారు.

పురుగులదీ అదే అభిప్రాయం కాబోలు, ఒక్కటీ కదల్లేదు.