టేపుకి అటువైపు ఆకాశం

ఆ ఉదయం గీతలాయన వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కాఫీ తాగాలి. వీఆర్ హెడ్‌సెట్ అద్దాలు తుడవాలి. పదింటికి కంటి డాక్టరుగారు రాగానే దాన్ని ఆయన ముఖానికి తగిలించి, కట్టబోయే ఇల్లు చూపించి ఔననిపించుకోవాలి. ఇందులో కష్టమేముందని ఆయన నమ్మకం. కష్టాలు సాధారణంగా ఇలాంటి నమ్మకాలున్న ఇళ్ళనే వెతుక్కుంటూ వస్తాయి.

ఇళ్ళకు ప్లాన్లు గీసే ఆర్కిటెక్టు కాబట్టి అపార్ట్‌మెంటులో అందరూ ఆయన్ని గీతలాయన అనేవారు. ఆయన భార్యది నక్షత్రశాలలో ఉద్యోగం. అక్కడి గుండ్రటి కప్పు మీద చూపించే ఆకాశం ఫోటోల్లో దుమ్ము మచ్చల్ని చెరిపి, నక్షత్రాల్ని మాత్రం ఉంచడం ఆవిడ పని. అందుకని ఆవిడ చుక్కలావిడ అయింది. దుమ్మేదో చుక్కేదో ఆవిడకి తప్ప దేవుడికి కూడా తెలియదని గీతలాయన నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు, ఇంట్లో మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఈ డాక్టరుగారి ఇల్లు గీతలాయనకి చావుబతుకుల సమస్య. పెద్ద కంపెనీలో ఉద్యోగం మానేసి సొంతంగా పట్టుకున్న మొదటి ఇల్లు అది. డాక్టరుగారు ఇప్పటికే మూడు డిజైన్లు చూసి, "బాగానే ఉందండీ, కానీ..." అని మూడుసార్లూ ఆ "కానీ" దగ్గరే ఆగిపోయాడు. నాలుగోది కూడా నచ్చకపోతే ఇంకొకరిని చూసుకుంటానని మర్యాదగా చెప్పాడు. అప్పుడు గీతలాయన వెనక్కి వెళ్ళి, "బయట ఎన్నాళ్ళుంటావో చూస్తాగా!" అన్న పాత మేనేజరు ముందు చేతులు కట్టుకుని నిలబడాలి.

భార్యాభర్తలిద్దరికీ కలిపి ఒకటే పొడుగాటి బల్ల, బల్ల కింద ఒకటే కంప్యూటరు, బల్ల మీద మూడు తెరలు. అడ్డంగా ఉన్న రెండు ఆయనవి. నిలువుగా నిలబెట్టినది ఆవిడది, పాలపుంత ఫోటోలు పొడుగ్గా ఉంటాయని. ఒకప్పుడు హద్దుల్లేవు. ఒకరోజు గీతలాయన కాఫీ ఆవిడ కీబోర్డు మీద ఒలికి, ఆవిడ వారంపాటు శుభ్రం చేసిన ఆకాశం కాస్తా గల్లంతైంది. ఆ సాయంత్రమే బల్ల మీద పసుపురంగు టేపు వెలిసింది. ఎవరి చెయ్యీ అవతలి వైపుకి వెళ్ళకూడదు. బల్ల కింద కంప్యూటరు ఉమ్మడి ఆస్తి. టేపు అంటించిందీ, తగువు వస్తే తీర్పు చెప్పేదీ ఆ ఇంట్లోనే ఉండే చుక్కలావిడ తల్లి, అంటే గీతలాయన అత్తగారు.

"నా తెర మీద ఫోటో తయారవుతోంది. కంప్యూటరు ఆపొద్దు, నా వైపు వైరు ముట్టుకోవద్దు," అని చెప్పి చుక్కలావిడ పొద్దున్నే వెళ్ళిపోయింది. ప్రదర్శన జరిగేటప్పుడు ఆవిడ ఫోను ఆపేస్తుంది.

గీతలాయన హెడ్‌సెట్ పెట్టుకున్నాడు. అది పెట్టుకుంటే కంప్యూటరులో ఉన్నది సినిమాహాలు తెరంత పెద్దదై ఎదురుగా నిలబడాలి, అందులో ఇల్లు కనిపించాలి. కనిపించింది. కానీ ఎవరో రెండు వైపుల నుంచీ పట్టుకుని నొక్కేసినట్టు సన్నగా, పొడుగ్గా, మేఘాల్లోకి పోతూ కనిపించింది. తలుపుల్లోంచి బల్లి కూడా పక్కకి తిరిగితే గాని దూరలేదు. తను గీసిన ఇల్లే అయినా, ఆ ఎత్తుకి ఆయన ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూశాడు.

అద్దాలు మళ్ళీ తుడిచాడు. వైరు మార్చాడు. పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రం అన్నట్టు, కంప్యూటరు జబ్బులన్నిటికీ ఆపి మళ్ళీ వెయ్యడమే మందు. ఆ మందు ఇవాళ నిషిద్ధం. నిన్న బాగానే ఉన్న ఇల్లు ఇవాళ ఇలా అయిందంటే తన కళ్ళకే ఏదో వచ్చిందని అనుమానం పట్టుకుంది. కంటి డాక్టరుకి ఇల్లు చూపించబోతూ కన్ను పోగొట్టుకున్నవాణ్ణి నేనే అయ్యుంటానని కుమిలిపోయాడు.

"అత్తయ్యా, ఒక్కసారి ఇది పెట్టుకుని చూడండి. ఇల్లు మామూలుగా ఉందా?"

"ఆ ముక్కు డబ్బానా? నాకెందుకు బాబూ!" అంటూనే ఆవిడ కళ్ళజోడు తీసి సిద్ధంగా ఉంది.

పెట్టుకున్నాక మెల్లగా తల పైకెత్తింది. ఇంకా ఎత్తింది. రెండు చేతులూ గాలిలో చాచింది.

"అబ్బ, ఎంత ఎత్తు! మెడ నొప్పెడుతోంది అల్లుడుగారూ, అయినా అయిపోవట్లేదు. ఇంత ఇల్లు కట్టబోతున్నారా మీరు? నేను మిమ్మల్ని ఇన్నాళ్ళూ ఏదో అనుకున్నాను."

"అంత ఎత్తు ఉండకూడదు అత్తయ్యా!"

"పక్కన నల్లటి గోడ కూడా బావుంది. ఏవో మిణుకుమిణుకుమంటున్నాయి."

నల్లగా కనిపించి మిణుకుమంటోందంటే హెడ్‌సెట్ లోపల ఏదో కాలిపోతోందని గీతలాయన అర్థం చేసుకున్నాడు. అత్తగారి దగ్గర్నుంచి దాన్ని బతిమాలి ఊడదీసుకుని, అమ్మిన కంపెనీకి ఫోను చేశాడు. ఒక అమ్మాయి పలికింది.

"చెప్పండి సార్. మీ తెరలు ఎన్ని?"

"నావి రెండు."

"రెండే అయితే ఇంతగా సాగదు సార్. ఇంకో తెర ఏమైనా ఉందా?"

గీతలాయన టేపు వైపు చూశాడు. వెనకే అత్తగారు నిలబడి ఉంది.

"నావైతే రెండే అమ్మా," అన్నాడు ఖండితంగా. ఆ ఇంట్లో అది నూటికి నూరుపాళ్ళు నిజం.

"అయితే సెట్టింగుల్లో తెరల బొమ్మలు కనిపిస్తాయి సార్. మౌస్‌తో పట్టుకుని ఒకదానిపైన ఒకటి పేర్చి చూడండి," అని ఆ అమ్మాయి ఫోను పెట్టేసింది.

సెట్టింగుల్లో మూడు బొమ్మలున్నాయి. మూడోది ఎవరిదో ఆయనకి తెలుసు. కదిలించాలంటే భయం.

"అత్తయ్యా, ఈ బొమ్మని కదిపితే టేపు దాటినట్టేనా?"

అత్తగారు బల్లని, మౌస్‌ని, టేపుని మార్చి మార్చి చూసి తీర్పు చెప్పింది. "మీ చెయ్యి మీ వైపే ఉంది. ఆ బాణం గుర్తు ఎటు పోతే మనకెందుకు? నేను టేపు వేసింది చేతులకి."

ఆయన మూడో బొమ్మని ఎత్తి తన రెండింటి నెత్తిన పెట్టాడు. హెడ్‌సెట్ పెట్టుకుని చూసుకునేలోపు కింద వైర్లేవైనా వదులయ్యాయేమోనన్న అనుమానం వచ్చి బల్ల కిందికి దూరాడు. సరిగ్గా అప్పుడే తలుపు గంట మోగింది. డాక్టరుగారు ముందే వచ్చేశాడు.

"రండి రండి! మా అల్లుడుగారు బల్ల కింద ఉన్నారు. ఆయన వచ్చేలోపు మీరు చూసేయండి. నేను చూశాను, నోట మాట రాలేదు," అంటున్న అత్తగారి గొంతు వినపడింది. గీతలాయన కంగారుగా లేవబోయి బల్లకి తల కొట్టుకున్నాడు. బయటికి వచ్చేసరికి డాక్టరుగారు కుర్చీలో, హెడ్‌సెట్ ముఖం మీద, చేతులు ఒళ్ళో.

"సార్, ఒక్క నిమిషం, అది సరిగ్గా..."

డాక్టరుగారు చెయ్యెత్తి ఆపాడు. ఆయన తల నెమ్మదిగా వెనక్కి వాలింది. చాలాసేపటికి హెడ్‌సెట్ కింద నుంచి ఒక కన్నీటి బొట్టు జారి మీసంలో ఇంకిపోయింది. గీతలాయనకి ఆ బొట్టుతో పాటు తన సొంత ఆఫీసు కూడా జారిపోతున్నట్టు అనిపించింది.

తలుపు మళ్ళీ తెరుచుకుంది. పొద్దుటి ప్రదర్శన ముగించుకుని చుక్కలావిడ వచ్చింది. నుదురు పట్టుకున్న భర్తని, కుర్చీలో డాక్టరుగారిని, సెట్టింగుల్లో అటకెక్కిన తన బొమ్మని వరసగా చూసింది.

"హెడ్‌సెట్‌లో ఇల్లు సాగిపోయిందా?"

"నీకెలా తెలుసు?"

"అది ఉన్న తెరలన్నిటినీ కలిపేసి ఒకే తెరగా చూపిస్తుంది. నాది పక్కన ఉంటే ఇల్లు నొక్కుకుపోయి నిలువుగా సాగుతుంది, నెత్తిన ఉంటే అడ్డంగా సాగుతుంది. నిన్న నాది ఆపి ఉంది, ఇవాళ వెలుగుతోంది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికారన్నమాట. నా ఫోటో ఎటూ అయిపోయింది," అని తన వైపుకి వెళ్ళి తన తెర వైరు పీకేసింది.

"అయ్యో!" అన్నాడు డాక్టరుగారు. "ఆకాశం ఏది?"

చుక్కలావిడ తన చేతిలోని వైరు వైపు చూసుకుంది.

"ఇప్పుడొచ్చింది సార్, ఇదీ అసలు డిజైను," అన్నాడు గీతలాయన.

"ఇది మీరు మూడోసారి చూపించినదేగా, కిటికీలు మార్చి. బాగానే ఉందండీ, కానీ..." డాక్టరుగారు హెడ్‌సెట్ తీసేశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నా జీవితమంతా చీకటి గదిలో చిన్న లైటు పట్టుకుని ఒకరి కంట్లోకి చూడటమే సరిపోయింది. చూపు వచ్చినవాళ్ళందరూ బయటికి వెళ్ళి ఏం చూస్తారో ఎప్పుడూ ఆలోచించలేదు. ఇందాక ఆ చివర నుంచి ఈ చివర దాకా వరండా, దానిమీద కప్పు లేదు. అన్ని నక్షత్రాలు ఉంటాయని నాకు తెలియదు. అది ఎవరు గీశారు?"

అబద్ధం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం గీతలాయన జీవితంలో రాలేదు. నోరు తెరిచాడు కూడా. కానీ భార్య ముఖం చూశాడు. తన ఆకాశాన్ని చూసి ఒక మనిషి కన్నీళ్ళు పెట్టుకోవడం ఆవిడకీ అదే మొదటిసారి. నక్షత్రశాలలో చీకట్లో ఎవరి ముఖమూ కనిపించదు.

"అది పొరపాటు సార్. ఇల్లు నాది, ఆకాశం మా ఆవిడది. పొరపాటున కలిసిపోయాయి."

"మరి విడివిడిగా ఎందుకున్నాయి?" అన్నాడు డాక్టరుగారు ఆశ్చర్యంగా.

ఇంటివాళ్ళు ముగ్గురూ టేపు వైపు చూశారు.

చుక్కలావిడ వంగి వైరు మళ్ళీ పెట్టింది. డాక్టరుగారు హెడ్‌సెట్ తగిలించుకుని, వెళ్ళేదాకా తియ్యలేదు. మధ్య హాలుకి గాజు కప్పు, ఇంటి చుట్టూ వరండా, పడుకుంటే పాలపుంత కనిపించాలన్నాడు. ఇల్లు గీతలాయన గీయాలి, ఏ గదిలోంచి ఏ చుక్క కనబడాలో చుక్కలావిడ చెప్పాలి. ఆ "కానీ" అనే మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఆయన వెళ్ళాక గీతలాయన భార్యతో, దుమ్మేదో చుక్కేదో నీకు తప్ప దేవుడికి కూడా తెలియదని మొదటిసారి ఇంట్లోనే అన్నాడు. ఆవిడ ఆయన తలకి ఐసు ముక్క అద్దింది.

ఆ సాయంత్రం అత్తగారు పసుపు టేపు పీకేసింది. గీతలాయన సంతోషించి కుర్చీ దగ్గరికి లాక్కునేలోపు, ఆవిడ కొత్త టేపు తెచ్చి ఆయన రెండు తెరల మధ్య అంటించింది. మధ్య తెర కూడా చుక్కలావిడ వైపుకి పోయింది.

"ఇంటికి ఎంత చోటు కావాలి అల్లుడుగారూ, ఆకాశానికే కదా ఎక్కువ పట్టేది," అంది ఆయన కాఫీ కప్పుని కిటికీ గట్టు మీదికి జరుపుతూ.