పిట్టగోడ మీద కుండీ

నష్టపరిహారం కేసుల్లో ముప్పై ఏళ్లు నలిగిన ప్లీడరుకు ఆ ఆదివారం మీద పెద్ద ఆశలేమీ లేవు. పదింటికి కింది వాటాలోని లెక్కల మాస్టారు వస్తారు, బాల్కనీలో చదరంగం ఆడతారు, తను ఓడిపోతాడు. వారం మొత్తంలో అతను ఇష్టంగా ఓడిపోయేది ఆ ఒక్క పూటే.

"పిట్టగోడ మీది కుండీ దించమన్నాను. ఇది నాలుగోసారి," అంది భార్య.

"చూద్దాంలే."

అతను చూసేలోపే కుండీ తన దారి తాను చూసుకుంది. కింద ఆగి ఉన్న మాస్టారి స్కూటరు ముందు దీపం పగిలింది.

ఇంకొకరైతే కిందికి పరిగెత్తి క్షమించమనేవారు. తప్పు ఒప్పుకుంటే కేసు పోయినట్టేనని వచ్చినవాళ్లందరికీ చెప్పీ చెప్పీ, ప్లీడరుకు ఆ మాటకు నోరు తిరగడం మానేసింది. అలవాటుకొద్దీ గుమాస్తాకు ఫోనులో నోటు కొట్టాడు. వస్తువు పేరు ప్రతిసారీ రాసే ఓపిక అతనికి ఏనాడో పోయింది.

"కుండీ పడింది. మాస్టారిది బాగా పాతది. సొట్టలు ముందే ఉన్నాయి. లోపల చాలాకాలంగా సరిగా పనిచెయ్యడం లేదు. కొత్తగా జరిగిన నష్టం ఏమీ లేదు."

ఆ నోటు గుమాస్తాకు కాక అపార్ట్‌మెంట్ గ్రూపుకు వెళ్లింది. స్కూటరు సంగతి తెలియని జనం అది మాస్టారి తల అనుకున్నారు. పై వాటా నర్సు స్కాన్ తీయించారా అని అడిగింది. ఎదురింటావిడ, తన పిల్లకు లెక్కలు ఎందుకు తప్పుతున్నాయో ఇప్పుడు అర్థమైందని రాసింది. ఇద్దరు తల్లులు మాస్టారికి ఫోను చేసి, ఇక ట్యూషన్ వద్దు, విశ్రాంతి తీసుకోమని ఒక్కో మాటా విడదీసి నెమ్మదిగా చెప్పారు.

ప్లీడరు తన మీద పడగల కేసులు లెక్కపెట్టుకున్నాడు. పొద్దున్నే నిర్లక్ష్యం, ఆ వెంటనే పరువునష్టం. సాక్షి వంటింట్లోనే ఉంది.

పదకొండింటికి మాస్టారు వచ్చారు. చేతిలో చదరంగం పెట్టె లేదు. అది చూడగానే ప్లీడరు మనసు చివుక్కుమంది.

"నా బుర్ర పనిచెయ్యడం లేదని రాశారట. ఇద్దరు తల్లులు ఫోను చేసి ట్యూషన్ వద్దన్నారు," అన్నారు మాస్టారు.

దురుద్దేశం లేదని వాదించవచ్చు. పేరు రాయలేదు కదా అని తప్పించుకోవచ్చు. ఆ వాదనలన్నీ నోటిదాకా వచ్చాయి. ఆ పెట్టె లేని చేతుల్ని చూశాక ఒక్కటీ బయటికి రాలేదు.

"తప్పు నాదే మాస్టారూ. కుండీ దించలేదు. బండి గురించి రాసింది చూసుకోకుండా పంపాను. ఆ తల్లులకు నేనే ఫోను చేస్తాను."

గ్రూపులో కూడా అదే రాశాడు. ఈసారి స్కూటరు అన్న మాట రెండుసార్లు వాడాడు.

మాస్టారు బాల్కనీలోకి వెళ్లి ఖాళీ పిట్టగోడ మీద చెయ్యి వేశారు. "అసలు నేను ఇంకోటి చెబుదామని కూడా వచ్చాను. పోయిన ఆదివారం బోర్డుకు చోటు చాలక, ఆ కుండీని గోడ ఎక్కించింది నేనే. మీరప్పుడు రాజును కాపాడుకునే గొడవలో ఉన్నారు."

"ముందే చెప్పచ్చు కదా?"

"మీరు చెప్పనిస్తేగా," అంటూ మాస్టారు పెట్టె తేవడానికి కిందికి వెళ్లారు.

ముప్పై ఏళ్లలో ప్లీడరు తప్పు ఒప్పుకున్నది ఆ ఒక్కసారే, అదీ సగమైనా గెలవాల్సిన కేసులో.