గుమ్మంలో పెద్ద కోడలు

మార్గిలాన్‌లోని మా పేటలో వినయంగల కోడళ్ల కొరత శాశ్వతంగా తీరినట్లు పేట సంఘం అధ్యక్షులు ఎర్గాష్ గారు గత శుక్రవారం ప్రకటించారు. కొరత ఎప్పుడు వచ్చిందని ఎవరూ అడగలేదు. ప్రకటన వినగానే చప్పట్లు కొట్టడం మా పేట అలవాటు.

ఈ ఘనత మా పక్కింటి ముఅజ్జం అక్కయ్యది. ఆమె కొత్త కోడలు ఓయ్‌దిన్‌కు ఫెర్గానాలో ఉద్యోగం. కంప్యూటర్ తెరమీద మాట్లాడే బొమ్మల్ని తయారుచేస్తుంది. పెళ్లి సెలవు పదిరోజులే. సోమవారం వెళ్లకపోతే ఆ కుర్చీలో వేరొకరు కూర్చుంటారు. మా ఆచారం ప్రకారం కొత్త కోడలు మాత్రం నలభై రోజులు గుమ్మంలో నిలబడి, వచ్చిన ప్రతివారికీ మూడుసార్లు వంగి సలాం చేయాలి. కొడుకును అడిగితే ఇద్దరివైపూ తిరిగి తల ఊపాడు.

"అత్తయ్యా, అచ్చం నాలాంటి బొమ్మని గుమ్మంలో పెడతాను. మనిషి ముఖం కనబడగానే అదే సలాం చేస్తుంది," అంది ఓయ్‌దిన్.

"ఏంటీ? నా కోడలి ముఖం ఇంటర్నెట్‌లో ఊరంతా తిరగాలా? మా ఇంటా వంటా లేదు తల్లీ!"

"తిరగదత్తయ్యా. నేర్చుకునేదంతా బ్రౌజర్ లోపలే నేర్చుకుంటుంది. వచ్చినవాళ్ల ముఖాలూ, నా ముఖమూ ఈ ల్యాప్‌టాప్ పెట్టె దాటి పోవు."

ముఅజ్జం అక్కయ్య ఆలోచనలో పడింది. గడప దాటనిది, లోపలే నేర్చుకునేది, పలకరిస్తే తప్ప నోరు విప్పనిది. పన్నెండిళ్లు తిరిగి సంబంధం వెదికినప్పుడు ఆమె అడిగినవి సరిగ్గా ఇవే.

సోమవారం ఓయ్‌దిన్ బస్సెక్కింది. గుమ్మంలో బల్లమీద ల్యాప్‌టాప్, దానిపైన జరీ ముసుగు. నడుంనొప్పి లేదు, ఆవులింత లేదు. రొట్టెలు తెచ్చిన మనిషికి కూడా మూడు సలాములు. ఎర్గాష్ గారు స్వయంగా విచ్చేసి, తమ వాటా మూడూ స్వీకరించి ప్రసంగించారు: "యంత్రానికి తెలివి నేర్పడం అందరూ చేస్తారు. వంగడం నేర్పింది మన పేట!"

మంగళవారం నమంగాన్ నుంచి అక్కయ్య మేనత్త ఖుమ్రీ వచ్చింది. ఎనభై రెండేళ్లు. బొమ్మ సలాం చేసింది. ఆవిడ దీవించి, "ఆమిన్" అంటూ రెండు అరచేతులతో ముఖం తుడుచుకుంది. చేతులు ముఖాన్ని కప్పగానే బొమ్మ లెక్కలో మనిషి మాయమైంది. చేతులు దిగగానే కొత్త మనిషి ప్రత్యక్షమైంది. కొత్త మనిషికి మూడు సలాములు. సలాం అందుకుని దీవించకపోవడమంత అవమానం మా దగ్గర లేదు. మళ్లీ దీవెన, మళ్లీ ఆమిన్, మళ్లీ కొత్త మనిషి.

గంటన్నర గడిచింది. వెనక వచ్చిన ఆరుగురు వీధిలోనే నిలబడ్డారు. లోపల పులావు చల్లారిపోయింది.

"ఆ ల్యాప్‌టాప్ మూత దించెయ్, అక్కయ్యా," అన్నాను గోడమీంచి.

"పెద్దావిడకి సలాం చేస్తుంటే కోడలి ముఖమ్మీద మూత వేస్తారా ఎవరైనా? నీ కోడలికైతే వేస్తావా?"

"ఎంత వినయమే దీనికి!" అంది ఖుమ్రీ ఆయాసపడుతూ. "నడుం విరుగుతోందే! దానిది కాదు, నాది!"

ఫోన్ అందుకున్న ఓయ్‌దిన్ ఆఫీసు నుంచి పరుగున వచ్చి, బొమ్మకూ పెద్దావిడకూ మధ్య నిలబడి, మూడుసార్లు వంగి ఆపేసింది.

"ఎవరే ఈ పిల్ల? అది వందసార్లు వంగింది. దీనికి మూడుకే అలుపొచ్చిందా?" అంది ఖుమ్రీ.

"బామ్మగారూ, బొమ్మలో చిన్న తప్పుంది. ఇప్పుడే సరిచేస్తాను."

"మర్యాద ఎక్కువైతే తప్పంటావేంటి?" అంది అత్తగారు.

శుక్రవారం సంఘం కూర్చుని తీర్పు చెప్పింది. ఓయ్‌దిన్ నిరభ్యంతరంగా ఉద్యోగానికి వెళ్లవచ్చు. బొమ్మను సరిచేయరాదు. వినయంలో అధికురాలు కాబట్టి అదే ఆ ఇంటి పెద్ద కోడలు. చిన్న కోడలు సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే పెద్ద కోడలికి సలాం చేసి లోపలికి వెళ్లాలి.

ఓయ్‌దిన్ ఆ తీర్పును పాటిస్తోంది. ఉద్యోగం నిలిచింది. రోజూ సాయంత్రం గుమ్మంలో బ్యాగు దించి వంగుతుంది. ఆమె ముఖం కనబడగానే తెరలోని బొమ్మ కూడా ఆమెకు వంగుతుంది, మూడుసార్లు. పెళ్లయినప్పటి నుంచి మా పేటలో ఆమెకు తల వంచినది అదొక్కటే.

బొమ్మలోని ఈ లోపాన్ని సంఘం దృష్టికి తెచ్చింది నేనే. ఇదొక్కటీ సరిచేస్తే, మా ఇంటికీ ఒకటి కావాలని పేరు రాయించాను.